వానలు మొదలైతే చాలు, మా ఇంట్లో వరసగా జ్వరాలు. మీ ఇళ్ళల్లో ఏం చేస్తున్నారు?

ఇద్దరమ్మాయిల_అమ్మ
జూన్ 9, 2025

పోయినేడు జూలై నుంచి అక్టోబరు దాకా మా ఇంట్లో థర్మామీటరు డబ్బాలోకి వెళ్ళిన రోజు లేదు. ముందు పెద్దదానికి డెంగీ. అది లేచి తిరిగేసరికి చిన్నదానికి విరేచనాలు. తర్వాత మా అత్తయ్యగారికి దగ్గు పట్టుకుని నెల రోజులు వదల్లేదు. ఈసారి వానలు మే నెలాఖరుకే వచ్చేశాయి. 12న బడులు తెరుస్తారు. నాకు ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది.

మేం మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్లో రెండో అంతస్తులో ఉంటాం. పిల్లలకు ఎనిమిదేళ్ళు, మూడేళ్ళు. అత్తయ్యగారికి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళం ముగ్గురం, ముగ్గురివీ మూడు దారులు. ఆవిడ సాంబ్రాణి పొగ, మిరియాల కషాయం అంటారు. మా ఆయన రెండు తుమ్ములు వినగానే మందుల షాపుకి వెళ్ళి యాంటీబయాటిక్ తెచ్చేస్తారు. మధ్యలో నేను ఎవరి మాట వినాలో తెలియక నలిగిపోతున్నాను.

జ్వరం వచ్చాక వేసే మందుల గురించి కాదు నేను అడిగేది. ఏ కాలం మొదట్లో మీ ఇంట్లో ఏ అలవాటు పెట్టుకున్నారు, అందులో ఏది నిజంగా పనికొచ్చింది, అది చెప్పండి.

బెజవాడ_బాబాయ్

నీళ్ళతో మొదలుపెట్టమ్మా. సగం జబ్బులు అక్కడివే. మా ఇంట్లో మృగశిర వచ్చిన రోజు నుంచి దీపావళి వెళ్ళేదాకా నీళ్ళు కాచి తాగుతాం, నలభై ఏళ్ళుగా ఇదే పద్ధతి. కాచడమంటే గోరువెచ్చగా చేసి దించేయడం కాదు. తెర్లాలి. బుడగలు గలగలమని తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచి ఆపు. అదే గిన్నెలో మూతపెట్టి చల్లారనీ.

ఇంకో మాట. అంత కష్టపడి కాచిన నీళ్ళలో గ్లాసు పట్టుకున్న చేతిని వేళ్ళు మునిగేలా ముంచుతారు. అక్కడే పాడైపోతుంది. పొడుగు కాడ ఉన్న గరిటె పెట్టు, లేదా కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము కొను.

కాకినాడ_కాజా

బాబాయ్ గారూ, మేం ఇరవై లీటర్ల క్యాన్ వేయించుకుంటాం. దాన్ని కూడా కాచాలా?

బెజవాడ_బాబాయ్

ఆ క్యాన్ ఎక్కడ నింపుతున్నారో, దాన్ని ఎప్పుడు కడిగారో నీకు తెలుసా బాబూ? తెలియనప్పుడు చిన్నపిల్లలున్న ఇంట్లో కాచడమే మంచిది. వానాకాలం నాలుగు నెలలే కదా.

ఓరుగల్లు_అన్న

నీళ్ళు సరే. డెంగీ వచ్చిన ఇల్లు కాబట్టి దోమల సంగతి ముందు చూసుకో చెల్లే. మా దగ్గర శుక్రవారం డ్రై డే, అంటే ఇంట్లో నిలవ నీళ్ళన్నీ పారబోసే రోజు, అని ఆశా అక్కలు తిరుగుతారు. 2020లో మున్సిపల్ శాఖ వాళ్ళు ఆదివారం పదిగంటలకు పది నిమిషాలు అని కూడా పెట్టారు, గుర్తుందా? ఏ రోజైనా పర్వాలేదు, వారానికి ఒక రోజు మాత్రం తప్పకూడదు. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి ఎగిరే దోమ అయ్యేదాకా వారం పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్ళు పారబోస్తే అది ఎగిరేలోపే అయిపోతుంది.

మల్లెపందిరి

మేం సాయంత్రం ఆరు కొట్టగానే తలుపులు, కిటికీలు అన్నీ మూసేస్తాం. అయినా పోయినేడు మా బాబుకి డెంగీ వచ్చింది. ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాలేదు.

ఏఎన్ఎమ్_అక్క

మల్లెపందిరి గారూ, మీరు ఆపుతున్నది వేరే దోమని. డెంగీ దోమ పగలు కుడుతుంది. పొద్దున్నే ఒకసారి, పొద్దు గుంకే ముందు ఇంకోసారి ఎక్కువ. ఒంటి మీదా కాళ్ళ మీదా తెల్ల మచ్చలుంటాయి. అంటే పిల్లలు బడిలో ఉన్నప్పుడు, మధ్యాహ్నం పడుకున్నప్పుడు కుట్టేస్తుంది. నిండు చేతుల చొక్కా, పొడుగు లాగు, పగటి నిద్రకి కూడా దోమతెర. ఈ మూడు చేయండి.

నేను ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. ఇళ్ళలోకి వెళ్తే లార్వా దొరికే చోట్లు ఎప్పుడూ ఒకటే. ఫ్రిజ్ వెనక అడుగున ఉండే ట్రే. కూలర్. మనీప్లాంట్ సీసా. పూలకుండీ కింద పళ్ళెం. మేడ మీద పడేసిన కొబ్బరి చిప్పలు, పాత టైర్లు. మూత సరిగా పడని సంపు. వాడని బాత్రూంలో బకెట్. ఇంటివాళ్ళు మాత్రం మా ఇంటి ముందు కాలవ చూడండమ్మా అని నన్ను అటు తీసుకెళ్తారు. ఆ మురుగులో పెరిగే దోమ వేరు. డెంగీ దోమకి శుభ్రమైన నిలవ నీళ్ళే కావాలి, అది మన ఇంట్లోనే దొరుకుతుంది.

పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటి అంచున గోడకి అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి. అందుకే కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. ఎండాకాలం అయిపోయాక కూలర్‌ని అలాగే మూలకి నెట్టేసేవాళ్ళు ఈ మాట ముఖ్యంగా గుర్తుంచుకోండి.

సికింద్రాబాద్_సీతాఫలం

దోమ గుట్టు విప్పింది మా ఊళ్ళోనే! రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. ఆ పనికే 1902లో నోబెల్ వచ్చింది. ఆ లెక్కన ఈ చర్చలో మా ఊరివాళ్ళకి ముందు వరస సీట్లు ఇవ్వాలి.

ఓరుగల్లు_అన్న

సీటు తీసుకో తమ్మీ, ముందు మీ మేడ మీద కొబ్బరి చిప్పలు తీసెయ్యి 😄

కడప_గడప

యాంటీబయాటిక్ గురించి రాస్తాను, ఇది మేం పడిన బాధ. రెండేళ్ళ కింద మా పాపకు నాలుగు రోజులు జ్వరం. ఊళ్ళో ఒకాయన దగ్గరికి తీసుకెళ్తే చిటికెడు రక్తం తీసి, టైఫాయిడ్, మలేరియా రెండూ ఉన్నాయన్నాడు. వారం రోజులు పొద్దునా సాయంత్రం ఇంజెక్షన్లు. పాప చెయ్యి వాచిపోయింది. తర్వాత పెద్ద డాక్టరు ఆ కాగితం చూసి తల పట్టుకున్నారు. అది విడాల్ పరీక్ష. ఎప్పుడో వచ్చి పోయిన జబ్బుకీ, వేరే జ్వరాలకీ కూడా అది ఉన్నట్టు చూపిస్తుందట. టైఫాయిడ్ తేల్చాలంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే రక్తం కల్చర్‌కి, అంటే అందులో క్రిమి పెరుగుతుందా అని చూసే పరీక్షకి, పంపాలని చెప్పారు.

వానాకాలం జ్వరాల్లో ఎక్కువ భాగం వైరస్‌వే. వాటికి యాంటీబయాటిక్ ఏమీ చేయదు. మీ ఆయనకి ఇది చదివి వినిపించండి.

టైఫాయిడ్‌కి టీకా ఉంది, హైదరాబాద్‌లోనే తయారవుతోంది. ఆరు నెలలు దాటిన పిల్లలకు వేయొచ్చు. మేం తర్వాత వేయించాం, ముందే వేయించి ఉంటే బాగుండేది.

ఇద్దరమ్మాయిల_అమ్మ

కడప_గడప గారూ, చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు కానీ ఫోన్ అడిగి తీసుకుని మళ్ళీ తనే చదువుకున్నారు.

పాతకాలం_పద్మ

అందరూ పెద్దల పద్ధతుల్ని తీసిపారేస్తున్నట్టుంది. మా అమ్మ ఏడుగురిని పెంచింది. తలంటి పోశాక సాంబ్రాణి వేసేది. ఆషాఢంలో మునగాకు వండేది. వేసవిలో తరవాణి కుండ ఎప్పుడూ నిండుగా ఉండేది. ఇవన్నీ ఊరికే పుట్టలేదు.

ఉబ్బసం_బిడ్డ_తల్లి

పద్మక్కా, తరవాణి, మునగాకు నేనూ చేస్తాను. సాంబ్రాణి దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను. మా బాబుకి పుట్టినప్పటి నుంచి ఆయాసం. ప్రతి తలంటుకీ గది నిండా పొగ వేసేవాళ్ళం. ఆ రాత్రికి పిల్లికూతలు మొదలయ్యేవి. ఈ రెంటికీ సంబంధం ఉందని రెండేళ్ళ వరకు మాకెవరికీ తట్టలేదు. డాక్టరు ఒక చిన్న పుస్తకం ఇచ్చి, దగ్గు వచ్చిన రోజున ముందు రోజు ఏం జరిగిందో రాయమన్నారు. నాలుగు పేజీలు నిండేసరికి మాకే తెలిసిపోయింది. సాంబ్రాణి, అగరొత్తులు, దోమల చుట్ట, మూడూ ఆపేశాం. పొగే పొగ. అది దేవుడి గదిలోంచి వచ్చిందా, దోమల చుట్టలోంచి వచ్చిందా అని ఊపిరితిత్తులకు తెలియదు.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందని బంధువులు భయపెట్టారు. ఒక నెల ఆపి చూశాం, ఐసీయూ దాకా వెళ్ళాం. దయచేసి ఎవరి మాటా విని దాన్ని ఆపకండి.

పాతకాలం_పద్మ

అయ్యో. బిడ్డ ఇప్పుడు బాగున్నాడా తల్లీ?

ఉబ్బసం_బిడ్డ_తల్లి

బాగున్నాడక్కా. కబడ్డీ ఆడుతున్నాడు.

పాలమూరు_బిడ్డ

నిన్ననే మృగశిర కార్తె. మా ఇంట్లో చేపల పులుసు, మా పక్కింట్లో ఇంగువ బెల్లం. ఈ రోజుకి నాకున్న ఆరోగ్య రహస్యం ఇదొక్కటే, తప్పయితే చెప్పండి.

బెజవాడ_బాబాయ్

పులుసులో తప్పేముందిరా. పంపించు.

జగిత్యాల_టు_దుబాయ్

వానలు వచ్చాయని ఎండని మర్చిపోకండి. రెండు వానల మధ్య ఉక్కపోత ఇంకా ప్రమాదం. నేను పన్నెండేళ్ళుగా దుబాయ్‌లో కట్టడాల పనిలో ఉన్నాను. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని చట్టం ఉంది. ఊళ్ళో మా నాయనకి అలాంటి చట్టం ఏదీ లేదు కదా, అందుకే రోజూ ఫోన్ చేసి నేనే చెప్తాను. పదింటికల్లా పొలం నుంచి ఇంటికి రావాలి, మళ్ళీ నాలుగు దాటాకే వెళ్ళాలి.

సైట్‌లో మాకు నేర్పింది ఒకటి చెప్తాను. దాహం వేసేదాకా ఆగొద్దు, మూత్రం రంగు చూసుకో. ముదురు పసుపు అయితే అప్పటికే ఆలస్యం. ఉత్త నీళ్ళే తాగుతూ ఉంటే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, అంబలి, గంజి, ఇవి మన ఇళ్ళలో ఉన్నవే. మనిషి ఒళ్ళు కాలిపోతూ మాటలు తడబడితే అది వడదెబ్బ. నీడకి చేర్చి ఒంటి మీద నీళ్ళు పోసి విసురుతూనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయొద్దు. మా క్యాంపులో ఒకతనికి ఇదే జరిగింది, బతికాడు.

కాకినాడ_కాజా

అన్నా, కూలర్ పెట్టుకుంటే చాలదా?

రామగుండం_రాళ్ళు

మా దగ్గర పొడి ఎండ, కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మీ సముద్రపొడ్డున గాలిలోనే తేమ ఉంటుంది, కూలర్ పెడితే ఇంకాస్త జిగట. మీకు ఫ్యానూ, ఎదురెదురు కిటికీలూ, రెండు పూటలా స్నానమూ. రోహిణిలో రోళ్ళు పగిలేది మాకు, చెమటతో నానేది మీకు.

ఏఎన్ఎమ్_అక్క

ఇంకోటి. బీపీకి నీళ్ళ మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) వేసుకునే పెద్దవాళ్ళు ఎండాకాలంలో కళ్ళు తిరుగుతున్నాయంటే వయసు అనుకుని వదిలేయకండి. ఎండలు ముదిరే ముందే డాక్టరుకి ఒకసారి చూపించి, మోతాదు మార్చాలా అని అడగండి. మీరే ఆపేయకండి.

తెనాలి_టు_టెక్సాస్

ఇక్కడ మా పిల్లలకు ఏటా అక్టోబరులో ఫ్లూ టీకా వేయిస్తాం. అక్కడ నాన్నకి డెబ్బై, షుగర్ ఉంది. ఆయనకీ వేయించాలని అడిగితే మా అన్నయ్య అది అమెరికా వాళ్ళ గొడవ అన్నాడు. కాదు. మన దగ్గరా వానల్లో ఫ్లూ ఎక్కువే, టీకా దొరుకుతుంది, ఏటా వేయించుకోవాలి. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకు, చిన్నపిల్లలకు వానలు ముదరకముందే అయితే మేలు. మీ అత్తయ్యగారి డాక్టరుని అడిగి చూడండి.

మల్లెపందిరి

డెంగీ వస్తే బొప్పాయి ఆకు రసం పోస్తే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని మా వాళ్ళంతా చెప్పారు. పోయొచ్చా?

ఇద్దరమ్మాయిల_అమ్మ

దీనికి నేనే చెప్పాలి. మేం పోశాం. చేదుకి పాప మొత్తం కక్కేసింది, ఆ పూటంతా మంచినీళ్ళు కూడా నిలవలేదు. మా బంధువులు గంటగంటకీ ఫోన్ చేసి కౌంట్ ఎంతుందనే అడిగేవాళ్ళు. వార్డులో డాక్టరమ్మ మాత్రం ప్లేట్‌లెట్లకన్నా ముందు పాప ఎన్నిసార్లు ఒంటికి వెళ్ళిందని అడిగేవారు. రక్తం చిక్కబడుతోందా, ఒంట్లో నీరు తగ్గిపోతోందా, అదే ముఖ్యమట. రక్తస్రావం లేకుంటే కౌంట్ బాగా పడిపోయినా ఎక్కించకుండానే చాలామంది లేస్తారని చెప్పారు. మా పాపకి ఎక్కించలేదు.

నాకు తెలియక చేసిన తప్పు వేరే ఉంది. నాలుగో రోజు జ్వరం తగ్గింది. హమ్మయ్య అనుకుని ఇంటికి తీసుకెళ్ళిపోదాం అన్నాను. అసలు కనిపెట్టుకుని ఉండాల్సింది ఆ తర్వాత రెండు రోజులే అని వాళ్ళు ఆపారు. ఆ రాత్రే కడుపునొప్పి, చేతులు చల్లబడిపోయాయి. ఇంట్లో ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆగకండి.

కడప_గడప

డెంగీ అనుమానం ఉంటే జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది. షాపులో ఒళ్ళునొప్పుల గోళీ అని ఇస్తే పేరు చదివి తీసుకోండి.

ఏఎన్ఎమ్_అక్క

పారాసిటమాల్ సిరప్‌లో కూడా జాగ్రత్త. 5 మిల్లీలీటర్లలో 120 ఉండేది ఒకటి, 250 ఉండేది ఒకటి. రెండు సీసాలూ ఒకేలా ఉంటాయి. పోయినసారి 5 మిల్లీలీటర్లు వేశాం కదా అని ఈసారీ వేస్తే రెట్టింపు పడొచ్చు. వయసు కాదు, బరువు చూసి వేయాలి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు. ఇప్పుడే పిల్లల బరువు చూసి, డాక్టరుని అడిగి, ఎన్ని మిల్లీలీటర్లో సీసా మీద పెన్నుతో రాసిపెట్టుకోండి. అర్ధరాత్రి మూడింటికి లెక్కలు తేలవు.

ఇద్దరమ్మాయిల_అమ్మ
జూలై 5

చెప్పి నెల కావస్తోంది, వచ్చి రాయడం నా బాధ్యత. శుక్రవారం డ్రై డే పెట్టాం. మొదటి శుక్రవారం ఫ్రిజ్ వెనక ట్రే లాగితే అందులో వంకర తిరుగుతూ లార్వా! పోయినేడు పెద్దదానికి డెంగీ ఎక్కడి నుంచి వచ్చిందా అని బడినీ, పార్కునీ, కింది వాచ్‌మన్ గదినీ తిట్టుకున్నాను. ఆ ట్రేని ఇల్లు కొన్నప్పటి నుంచి ఎవరూ లాగలేదు.

ఇప్పుడు ఆ పని పెద్దమ్మాయిదే. టార్చి పట్టుకుని తనిఖీ చేస్తుంది, క్యాలెండరులో టిక్ పెడుతుంది. పై అంతస్తు వాళ్ళింటికి కూడా వెళ్ళి చూసొచ్చింది, నేను వెనకాలే పరిగెత్తాను. అత్తయ్యగారు నీళ్ళ డ్యూటీ తీసుకున్నారు. సాంబ్రాణి గురించి ఇంకా మాట్లాడలేదు, ఆషాఢం కదా, మునగాకు పప్పు చేసుకుంటూ మంచి మూడ్‌లో ఉన్నారు.

పాతకాలం_పద్మ

నేనూ సాంబ్రాణి మానేశానమ్మా. తలంటు రోజున జుట్టుని ఎండలో ఆరబెడుతున్నా. ఈ చర్చ చదివాకే.

సికింద్రాబాద్_సీతాఫలం
ఆగస్టు 2

కండ్లకలక ఏమైనా తిరుగుతోందా? 2023 జూలైలో మా బళ్ళో సగం మంది ఎర్ర కళ్ళతో వచ్చారు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరి తువ్వాలు వాళ్ళదే. ఆ ఒక్క అలవాటు ఉండిపోయింది.

కాకినాడ_కాజా
అక్టోబరు 17

ఇద్దరమ్మాయిల అమ్మ గారూ, మీ చిన్నపాప విరేచనాల సంగతి గుర్తొచ్చి వచ్చాను. వార్తల్లో చూశారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లేని తీపి పానీయాల మీద ఓఆర్ఎస్ అని రాయకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశం ఇచ్చింది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్ళు పోరాడితే వచ్చింది ఇది. నేను మా బాబుకి విరేచనాలప్పుడు ఆ డబ్బాలే తెచ్చి తాగించాను. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయట. అలా పెరిగితే పిల్లవాడికి పడటం లేదనుకున్నా.

ఏఎన్ఎమ్_అక్క

ఆవిడకి దణ్ణం పెట్టాలి. అసలైన ఓఆర్ఎస్ పొడి పెద్ద ప్యాకెట్ 20.5 గ్రాములు, లీటరు నీళ్ళకి ఒకటి. సగం ప్యాకెట్ గ్లాసులో వేయడం, పాలల్లో కలపడం, పంచదార చేర్చడం, ఏదీ చేయొద్దు. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. అర్ధరాత్రి ప్యాకెట్ లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టినట్టు సమంగా కొలిచి. ఉప్పు ఒక్క పిసరు ఎక్కువైనా ప్రమాదం. పిల్ల కక్కితే పది నిమిషాలు ఆగి చెంచాతో కొంచెం కొంచెం పట్టండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఓఆర్ఎస్, జింకు మాత్రలు రెండూ ఉచితం. విరేచనాలు ఆగినా జింకు 14 రోజులూ వేయాలి.

దగ్గు మందుల సంగతి కూడా ఇక్కడే చెప్తాను. మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో దగ్గు మందు తాగి పిల్లలు పోయాక కేంద్రం మళ్ళీ చెప్పింది, రెండేళ్ళ లోపు వాళ్ళకు దగ్గు, జలుబు మందులు వద్దు, ఐదేళ్ళ లోపు కూడా మామూలుగా అవసరం ఉండదు. ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు చెంచా తేనె ఇవ్వొచ్చు. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించనే వద్దు, ప్రాణం మీదికి వస్తుంది.

కోనసీమ_కొబ్బరాకు
నవంబరు 4

మొంథా తుపాను వచ్చి వెళ్ళి వారం అయింది. మా బావిలోకి వరద నీళ్ళు వచ్చాయి. కరెంటు లేక మూడు రోజులు కట్టెల పొయ్యి మీదే నీళ్ళు కాచాం, బాబాయ్ గారి గరిటె మాట గుర్తుపెట్టుకుని. పంచాయతీ వాళ్ళు క్లోరిన్ బిళ్ళలు ఇచ్చారు. బిళ్ళ వేశాక అరగంట ఆగాకే తాగాలి, నీళ్ళు బురదగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టాలి అని చెప్పి వెళ్ళారు. మా వీధిలో ఇప్పటిదాకా ఎవరికీ విరేచనాలు రాలేదు.

బెజవాడ_బాబాయ్

జాగ్రత్తమ్మా. ఏమైనా కావాలంటే ఇక్కడే రాయి.

ఇద్దరమ్మాయిల_అమ్మ
నవంబరు 11

నిన్న కార్తీక సోమవారం. అత్తయ్యగారు నక్షత్రాలు చూసేదాకా ఏమీ తిననన్నారు, కానీ పొద్దున షుగర్ మాత్ర వేసేసుకున్నారు. నాలుగింటికి చెమటలు, చేతులు వణుకు. మిషన్‌తో చూస్తే 58. గ్లూకోజు మూడు చెంచాలు నీళ్ళలో కలిపి పట్టాను, పావుగంటకి 90కి వచ్చింది. ఎలా చెప్పాలి ఈవిడకి? దేవుడి దగ్గర మాట పోతుందని ఏడ్చారు.

పాతకాలం_పద్మ

నాకూ షుగరే. మా డాక్టరు ఉపవాసం వద్దనలేదు. ఉపవాసానికి వారం ముందు వచ్చి కనపడమన్నారు. ఏ మాత్ర ఆపాలో, ఏది తగ్గించాలో ఆయనే రాసిచ్చారు. పండ్లు, పాలు తీసుకుంటాను. 70 కన్నా తగ్గితే వెంటనే ఉపవాసం విరమిస్తానని ఆయనకి మాటిచ్చాను. ఆవిడకి ఫోన్ ఇవ్వమ్మా, నేను మాట్లాడతాను. మా వయసు వాళ్ళం మాట్లాడుకుంటే వేరుగా ఉంటుంది.

చిత్తూరు_చింతచెట్టు
డిసెంబరు 6

చలికాలం జ్వరం ఒకటి చెప్పాలి. మా అమ్మకి తొమ్మిది రోజులు జ్వరం. డెంగీ లేదు, మలేరియా లేదు. ఒక చిన్న డాక్టరు అమ్మ చీర కొంగు జరిపించి చంక కింద చూశారు. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు. స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే చిన్న నల్లి లాంటి పురుగు కుడితే వస్తుందట. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండో రోజుకే జ్వరం దిగింది. అమ్మ రోజూ గడ్డి కోసుకొస్తుంది. ఇప్పుడు నిండు చేతుల రవిక, కాళ్ళకి సాక్సులు, రాగానే స్నానం, బట్టలు వేడినీళ్ళలో. మీ ఇంట్లో పొలం పని చేసేవాళ్ళకి జ్వరం తగ్గకపోతే చంకలు, గజ్జలు, నడుము చుట్టూ చూడండి. ఆడవాళ్ళు చూపించడానికి సిగ్గుపడతారు, మీరే అడగాలి.

ఆదిలాబాద్_చలిమంట

మా దగ్గర చలికి నిప్పుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు బిగించుకుంటారు. దయచేసి వద్దు. ఆ నిప్పుల నుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే పోతారు. పట్నం వాళ్ళకి గ్యాస్ గీజరుతో అదే ప్రమాదం. గీజరు బాత్రూం బయట పెట్టించండి, కిటికీ తెరిచి ఉంచండి.

ఉబ్బసం_బిడ్డ_తల్లి

ఆవిరి పట్టేటప్పుడు మరుగుతున్న గిన్నె పిల్లల ఒళ్ళో పెట్టకండి. మా చెల్లెలి కూతురికి తొడలు కాలాయి. ముక్కు బిగిస్తే సెలైన్ చుక్కలు చాలు.

ఇద్దరమ్మాయిల_అమ్మ
జనవరి 18, 2026

పండక్కి గుడివాడ వెళ్ళొచ్చాం. జూన్ నుంచి లెక్క రాశాను. పెద్దదానికి రెండుసార్లు జలుబు జ్వరం, చిన్నదానికి మూడుసార్లు, ఒకసారి విరేచనాలు ఓఆర్ఎస్‌తో రెండు రోజుల్లో తగ్గాయి. ఆసుపత్రిలో పడుకోలేదు. యాంటీబయాటిక్ ఒక్కసారే, అదీ డాక్టరు చెవి చూసి రాసింది. అత్తయ్యగారు పద్మక్కతో వారానికోసారి మాట్లాడుతున్నారు. నాతో చెప్పని సంగతులు కూడా ఆవిడతో చెప్తున్నారు.

గుడివాడలో శుక్రవారం పొద్దున్నే పెద్దది టార్చి అడిగింది. అక్కడ పెరట్లో రోలు ఉంది, దాని గుంటలో వాన నీళ్ళు. వాళ్ళ తాతయ్య నవ్వుతుంటే వంగి చూసి, నీళ్ళు తోడేసి, పీచుతో రుద్ది బోర్లించమంది. అది అరవై ఏళ్ళ నాటి రాతిరోలు, నలుగురు మగాళ్ళు పట్టినా కదల్లేదు.

ఏఎన్ఎమ్_అక్క

రోలు బోర్లించక్కర్లేదమ్మా. గుంట నిండా ఇసుక పోయించండి.